చిన్న డర్ట్ బైకు నుంచి పెద్ద బండికి మారడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం నేలలకు తగిన పద్ధతి

డర్ట్ బైకు నేర్చుకున్నవారిలో చాలామందికి ఏడాది తిరగకముందే బండి చాలడం లేదనిపిస్తుంది. చీపురుపల్లి వైపు ఎర్రనేల మిట్ట ఎక్కుతున్నప్పుడు రెండో గేరులో ఇంజన్ నీరసపడినా, తీరంలో సరుగుడు తోటల పక్క ఇసుకలో వెనక చక్రం కూరుకుపోయినా, లోపం బండిదేనని తేల్చేస్తాం. అది కొన్నిసార్లు నిజమే గాని, చాలాసార్లు కాదు. 110 నుంచి 150 సీసీ లోపు బండి మీద నేర్చుకుని, అంతకంటే బలమైన దాన్ని కొనాలనుకుంటున్నవారు ఆ పనిని ఏ వరసలో చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మన రెండు జిల్లాల్లో ఎక్కువమందికి తగిన రెండో బండి నంబరు ప్లేటు ఉన్నది, 200 నుంచి 230 సీసీ మధ్యది, మీరు ఒక్కరే లేవనెత్తగలిగినంత బరువున్నది. చూపు 450 సీసీ మీదికి పోవడం సహజమే. కాని దాన్ని మూడో బండిగా కొనుక్కోవడం మేలు.

మొదటి పని: పాత బండిని పూర్తిగా వాడారో లేదో తేల్చుకోండి

కోతలు, నూర్పులు అయిపోయాక ఖాళీగా పడి ఉన్న కళ్లం ఒకటి చూసుకుని, రైతు అనుమతి తీసుకుని, రెండు ఇటుకలను నాలుగైదు మీటర్ల ఎడంలో పెట్టండి. వాటి చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో, మొదటి గేరులో, నడక వేగంతో, కాలు నేలకు తాకకుండా తిరగండి. ముందు బ్రేకు వాడవద్దు. వేగాన్ని క్లచ్‌తోనూ వెనక బ్రేకుతోనూ మాత్రమే అదుపు చేయాలి. రెండు వైపులా వరసగా పదేసి చుట్లు కాలు దించకుండా తిరగగలిగితే మీ ఎడమచేతికి క్లచ్ తెలిసినట్టే. తిరగలేకపోతే పెద్ద బండి కొన్నా ఈ చిక్కు తీరకపోగా ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే బలమైన ఇంజన్‌లో క్లచ్ వదిలే చోట జరిగే చిన్న పొరపాటుకే బండి ముందుకు ఉరుకుతుంది.

రెండో పరీక్ష మిట్ట మీద. ఎక్కుతూ ఎక్కుతూ సగంలో కావాలని ఇంజన్ ఆపేయండి. పైకి తిరిగి ఉన్న బండిలో బరువంతా వెనక చక్రం మీదికి పోతుంది కాబట్టి ముందు బ్రేకు ఒక్కదానితో బండి నిలవదు, చక్రం బిగుసుకుపోయినా గులకరాళ్ల మీద వెనక్కి జారుతుంది. అందుకని బండిని గేరులోనే ఉంచి, క్లచ్ వదిలేసి, ఆగిన ఇంజన్‌నే బ్రేకుగా వాడుకోవాలి. తర్వాత హ్యాండిల్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, బండిని మిట్ట పైవైపుకు కొంచెం వాల్చి, క్లచ్‌ను కొద్దికొద్దిగా నొక్కి వదులుతూ వెనక్కి దొర్లించి, బండి వాలుకు అడ్డంగా నిలిచేలా చూసుకుని, అక్కడి నుంచి ముందు చక్రాన్ని కిందికి తిప్పుకోవాలి. వాలు పల్లపు వైపు ఎప్పుడూ నిలబడకండి. బండి చేయి జారితే మీ మీదే పడుతుంది. వంద కిలోల బండితో ఇది చేతకానివారు నూటడెబ్బై కిలోల బండితో మిట్ట ఎక్కకూడదు.

మూడోది బ్రేకు. ఊరి బయట గ్రావెల్ రోడ్డు మీద ముప్పై కిలోమీటర్ల వేగంతో వచ్చి, ముందు బ్రేకును రెండు వేళ్లతో, చక్రం జారబోతోందని చేతికి తెలిసేదాకా క్రమంగా నొక్కి, తెలిసిన వెంటనే వదలడం సాధన చేయండి. నాలుగోది నిలబడి నడపడం: ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడి, మోకాళ్లతో ట్యాంకును పట్టుకుని, మోచేతులు బయటికి ఉంచి, చూపు ముందు చక్రం దగ్గర కాకుండా పదిహేను ఇరవై మీటర్ల అవతల ఉంచి, ఆయాసం రాకుండా అరగంట నడపగలగాలి.

ఇవన్నీ వచ్చాక కూడా మిట్ట మీద ఎక్సలేటర్ మొత్తం తిప్పేసినా బండి కదలకపోతే, చిన్న గుంతలకే షాక్ అబ్జార్బర్ అడుగంటి కొడుతుంటే, నిలబడినప్పుడు మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతుంటే, అప్పుడు బండి నిజంగానే చిన్నదయింది. అప్పుడైనా ముందు చవకైన దారి ఒకటి చూడండి. ముందు స్ప్రాకెట్‌కు (చైనును తిప్పే పళ్ల చక్రానికి) ఒక పన్ను తగ్గిస్తే వెనక స్ప్రాకెట్‌కు దాదాపు మూడు పళ్లు పెంచినంత ఫలితం వస్తుంది. రోడ్డు మీద గరిష్ఠ వేగం తగ్గినా, మిట్ట ఎక్కేటప్పుడు రెండో గేరుకు ప్రాణం వస్తుంది. అరిగిన టైరు మార్చి, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయించాక, కొత్త బండి ఆలోచనను వాయిదా వేసుకున్నవారూ ఉన్నారు.

రెండో పని: సీసీ అంకెను పక్కన పెట్టి బండి స్వభావం చూడండి

కొనుగోలులో ఎక్కువమంది మోసపోయేది ఈ అంకె దగ్గరే. కవాసాకి కేఎల్ఎక్స్ 230 ఇంజన్ 233 సీసీ. అదే కంపెనీ కేఎక్స్ 250 ఇంజన్ 249 సీసీ. తేడా పదహారు సీసీలే. కాని మొదటిది 18 హార్స్‌పవర్ దరిదాపున ఆగిపోతుంది, రెండోది 40 దాటుతుంది. పైగా మొదటిది 139 కిలోలు, రెండోది 110 కిలోల లోపు. ఒకటి గాలితో చల్లబడే, నెమ్మదిగా తిరిగే ఇంజన్; ఊరి దారుల్లో రోజంతా తిరగడానికి చేసినది. మరొకటి నీటితో చల్లబడే, చాలా వేగంగా తిరిగే పందెపు ఇంజన్. మోటోక్రాస్ (మట్టి ట్రాకు మీద జరిగే పందేలు) ట్రాకులో దూకుడు కోసం చేసినది. 125 సీసీ నుంచి వచ్చిన మనిషి మొదటిదాని మీద నేర్చుకుంటాడు, రెండోదాని మీద వేలాడతాడు. "250 కదా, ఎంత తేడా ఉంటుందిలే బావా" అని ఎవరైనా అంటే పై రెండు అంకెలు చూపించండి.

టూ స్ట్రోక్ విషయం మరీ జాగ్రత్త. పాత ఆర్‌ఎక్స్ 100 నడిపిన మీ మామయ్యనో బాబాయినో అడిగితే చెబుతారు, ఇంజన్ ఒక వేగం దాకా నిద్రపోతున్నట్టు ఉండి, అది దాటగానే ఒక్కసారిగా లాగుతుందని. మోటోక్రాస్ పందేల్లో చాలాకాలం 125 సీసీ టూ స్ట్రోక్‌ను 250 సీసీ ఫోర్ స్ట్రోక్‌తో ఒకే తరగతిలో నిలబెట్టారు. బాగా తేలిక, మరమ్మతు సులువు, తీరు పదును. మన దగ్గర విడిభాగాలు దొరకడం కష్టం కాబట్టి రెండో బండిగా నేను దాన్ని సిఫారసు చేయను.

ఇక మన మార్కెట్లో చూడదగినవి. 2019లో వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200, తర్వాత వచ్చిన దాని 4వీ (నాలుగు వాల్వుల) రకం వాడిన బండ్లుగా తేలిగ్గా దొరుకుతాయి. 18, 19 హార్స్‌పవర్ల ఇంజన్, సుమారు 160 కిలోల బరువు, 21 అంగుళాల ముందు చక్రం, 18 అంగుళాల వెనక చక్రం. 2025లో వచ్చిన ఎక్స్‌పల్స్ 210 నీటితో చల్లబడే ఇంజన్‌తో 24 హార్స్‌పవర్ పైచిలుకు ఇస్తుంది, ఆరో గేరు ఉంది, హైవే మీద దూరం వెళ్లాల్సినవారికి హాయి. కేఎల్ఎక్స్ 230 వీటన్నిటి కంటే తేలిక. కాని దాని సర్వీసుకు, విడిభాగాలకు విశాఖ దాకానో అంతకంటే దూరమో వెళ్లాల్సి రావచ్చు, డబ్బు కట్టేముందే ఆ సంగతి అడిగి తెలుసుకోండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 మంచి బండే, 40 హార్స్‌పవర్లది. అయితే అది 196 కిలోలు. ఎండిన గెడ్డలో (వాగులో) ఇసుక మీద అది పక్కకు ఒరిగినప్పుడు, సాయానికి ఎవరూ లేనప్పుడు, లేపాల్సింది మీరు ఒక్కరే.

సీటు ఎత్తు గురించి భయం అక్కర్లేదు, అలాగని తీసిపారేయనూ కూడదు. ఎక్స్‌పల్స్ 200 4వీ సీటు 825 మిల్లీమీటర్లు. అదే బండి ప్రో రకం 891. కేఎల్ఎక్స్ 230 సీటు 880 అయినా, బండి తేలిక కాబట్టి, మనిషి కూర్చోగానే మెత్తగా కిందికి దిగుతుంది కాబట్టి, అంత ఎత్తుగా అనిపించదు. డర్ట్ బైకు మీద రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాల్సిన పని లేదు. సీటు మీద ఒక పక్కకు జరిగి ఒక పాదం గట్టిగా ఆనించగలిగితే చాలు. కొన్న వెంటనే సీటు స్పాంజి కోయించడం మాత్రం చేయకండి. మోకాళ్లు మరీ ముడుచుకుపోయి, కూర్చున్న చోటు నుంచి లేచి నిలబడటమే కష్టమవుతుంది.

మూడో పని: కాగితాలు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండిని బహిరంగ ప్రదేశంలో నడపకూడదు. కేఎక్స్ లాంటి పందెపు బండ్లకు, లైట్లూ నంబరూ లేకుండా అమ్మే చైనా తయారీ చిన్న బండ్లకు రిజిస్ట్రేషన్ జరగదు. వాటిని ఆటో ట్రాలీలోనో టాటా ఏస్‌లోనో ఎక్కించి, యజమాని ఒప్పుకున్న ప్రైవేటు స్థలానికి తీసుకెళ్లి అక్కడే నడపాలి. ఇంటి నుంచి తోట దాకా అర కిలోమీటరే కదా అనుకోవద్దు, ఆ అర కిలోమీటరులో ప్రమాదం జరిగితే బీమా కూడా ఉండదు. గేర్ల బండికి లైసెన్సు పద్దెనిమిదేళ్లు నిండాకే ఇస్తారు. మైనరు చేతికి బండి ఇస్తే 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకో యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, పన్నెండు నెలలు రిజిస్ట్రేషన్ రద్దు. అబ్బాయి ముచ్చట పడుతున్నాడని ఇంజన్ పెంచే తండ్రులు ఈ మూడు అంకెలు గుర్తుంచుకోవాలి.

ఇచ్ఛాపురం, సోంపేట, పాతపట్నం వైపు వారికి బరంపురంలోనో పర్లాకిమిడిలోనో వాడిన బండి దొరకడం మామూలే. ఒడిశా నంబరు బండి కొంటే అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 కింద ఎన్‌ఓసీ తెప్పించుకోవాలి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30. ఫైనాన్సు తీరిపోయి ఉంటే ఫారం 35 మీద బ్యాంకు సంతకం కావాలి. ఇక్కడ రోడ్డు పన్ను మళ్లీ కట్టాల్సి ఉంటుంది కాబట్టి, ఆ మొత్తాన్ని బండి ధరకు కలిపి చూసుకుంటేనే చవకో ప్రియమో తెలుస్తుంది. ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి.

నాలుగో పని: వాడిన బండిని పరీక్షించడం

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడటానికి వస్తానని అమ్మేవారికి ముందే చెప్పండి. మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాని బండిని ముందే స్టార్ట్ చేసి పెట్టారని అనుమానించవచ్చు.

అందరూ పెయింటు చూస్తారు, మీరు ఎయిర్ ఫిల్టర్ చూడండి. ఫిల్టర్ డబ్బా మూత విప్పించి, ఫిల్టర్ బయటికి తీయించి, ఇంజన్ వైపు పోయే గొట్టం లోపలి గోడను తెల్లటి గుడ్డ పేలికతో ఒక చుట్టు తుడవండి. గుడ్డ మీద నూనె మరక వస్తే పరవాలేదు. సన్నటి ఎర్రపొడి అంటి, రెండు వేళ్ల మధ్య నలిపితే గరగరలాడితే, ఆ దుమ్ము ఫిల్టర్‌ను దాటి ఇంజన్ లోపలికి వెళుతున్నట్టే. పిస్టన్ రింగులు, సిలిండరు గోడ అరిగిపోయి ఉంటాయి. నేల మట్టి అంత ఎర్రగా ఉండటం మనకు ఈ ఒక్క విషయంలో మేలు చేస్తుంది, దాచిపెట్టినా గుడ్డ మీద కనిపిస్తుంది. ఆ బండిని ఎంత తగ్గించి ఇచ్చినా వదిలేయండి.

తర్వాత బండిని స్టాండు మీద నిలిపి, వెనక చక్రాన్ని రెండు చేతులతో అటూ ఇటూ ఊపండి. టక్ టక్‌మని ఆట ఉంటే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) బేరింగులో వెనక చక్రం బేరింగులో పోయాయి. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పితే మధ్యలో ఒకచోట ఆగినట్టు తగలకూడదు. ఫోర్కు గొట్టాల మీద నూనె చారలు ఉంటే సీళ్లు మార్పించాలి, అది పెద్ద ఖర్చు కాదు. స్పోకులను ఒక్కొక్కటిగా స్పానరుతో తట్టి చూడండి. వదులైనది బొయ్‌మని మొద్దుగా మోగుతుంది. భీమిలి నుంచి బారువ దాకా తీరం వెంట తిరిగిన బండ్లలో స్పోకుల మొదళ్లు, చైను లింకులు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంటాయి. చివరగా ఛాసిస్ నంబరును ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిచూడండి.

రక్షణ సామగ్రి

బండికి పెట్టే డబ్బులో కొంత దీనికి ముందే తీసి పక్కన పెట్టండి. ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్, దుమ్ము కళ్లలో పడకుండా గాగుల్స్, మోకాలి కవచాలు, ఛాతీ వీపు కవచం, గ్లోవ్స్ కావాలి. అన్నిటికంటే ముందు బూట్లు కొనండి: చీలమండను గట్టిగా పట్టి ఉంచే, పిక్క సగం దాకా వచ్చే డర్ట్ బైకు బూట్లు. గమ్‌బూట్లు, పోలీసు బూట్లు వీటికి ప్రత్యామ్నాయం కావు. పెద్ద బండి పక్కకు ఒరిగినప్పుడు మొట్టమొదట నలిగేది చీలమండే. సైలెన్సర్ మార్పించాలన్న కోరిక బూట్లు కొన్న తర్వాత పుట్టినా నష్టం లేదు; ఊళ్లోవాళ్లకు చెవులు కూడా మిగులుతాయి.

ఐదో పని: బండిని మీ కొలతకు తెచ్చుకోవడం

షోరూము నుంచి వచ్చిన బండి అందరికీ సరిపోయేలా ఉంటుంది, అంటే ఎవరికీ పూర్తిగా సరిపోదు. ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకోండి. నడుము బాగా వంగిపోతుంటే హ్యాండిల్ ఎత్తు పెంచే రైజర్లు వేయించుకోవచ్చు. క్లచ్, బ్రేకు లీవర్లు నేలకు సమాంతరం కంటే కాస్త కిందికి వాలి ఉండాలి, నిలబడినప్పుడు మణికట్టు వంగకుండా వేలు అందేలా. గేరు లీవరు బూటు ముందు భాగం దూరేంత ఎత్తులో ఉండాలి. చెప్పులతో సరిగ్గా ఉన్న లీవరు బూట్లతో సరిగ్గా ఉండదు.

వెనక షాక్ అబ్జార్బర్‌ను సరిచేసుకోవడం ఎక్కువమంది చేయరు, కాని ఖర్చు లేని లాభం అదే. బండిని స్టాండు మీద వెనక చక్రం గాలిలో ఉండేలా నిలిపి, చక్రం ఇరుసు నుంచి దానికి నేరుగా పైనున్న సైడు ప్యానెల్ మీద ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. తర్వాత బూట్లు, కవచాలతో సహా మీరు బండి మీద కూర్చుని, ఒకరు బండిని పట్టుకుని ఉండగా, మరొకరి చేత అదే కొలత మళ్లీ తీయించండి. రెండు కొలతల తేడా షాక్ అబ్జార్బర్ మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు ఉండాలి. ఎక్స్‌పల్స్ 200 వెనక కదలిక 170 మిల్లీమీటర్లు కాబట్టి తేడా 50, 55 దగ్గర రావాలి. 300 మిల్లీమీటర్ల కదలిక ఉన్న పందెపు బండిలో 100, 105 దగ్గర. ఎక్కువ దిగితే స్ప్రింగు రింగును బిగించాలి, తక్కువ దిగితే వదులు చేయాలి. పూర్తిగా బిగించినా సరిపోకపోతే మీ బరువుకు ఆ స్ప్రింగు చాలదు, గట్టిది వేయించాలి.

టైరులో గాలి రోడ్డు మీద మాన్యువల్ చెప్పినంత ఉండాలి. ఇసుకలో, గ్రావెల్ మీద ట్యూబు టైరుకు 18 నుంచి 20 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి. ఇంకా తగ్గిస్తే పట్టు పెరుగుతుంది గాని, రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి రెండు చోట్ల పంచరవుతుంది. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి కొట్టుకోవడానికి చిన్న పంపు వెంట ఉంచుకోండి.

ఆరో పని: మొదటి కొన్ని వారాలు

కొత్త బండిని మొదటిరోజే మిట్టల మీదికి తీసుకెళ్లకండి. చదునైన నేల మీద, పాత బండితో చేసిన పరీక్షలన్నీ అదే వరసలో మళ్లీ చేయండి: ఇటుకల చుట్టూ ఎనిమిది, బ్రేకు, నిలబడి నడపడం. పాతదాని మీద సులువుగా వచ్చినవి ఇక్కడ కొంతకాలం రాకపోవచ్చు. వచ్చేదాకా రెండో గేరు దాటాల్సిన పని లేదు. బండిలో రోడ్డుకు, మట్టికి వేర్వేరు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) మోడ్‌లు ఉంటే, వదులు నేల మీద ఏ మోడ్‌లో ఎంత దూరంలో ఆగుతోందో ఇప్పుడే చూసి పెట్టుకోండి. గ్రావెల్ మీద రోడ్డు మోడ్‌లో ఏబీఎస్ బ్రేకును పదే పదే వదిలేస్తుంటే, బండి ఆగనే ఆగదేమో అన్నంత భయం వేస్తుంది.

పెద్ద బండికి మారినవారిని ఎక్కువగా కింద పడేసేది వేగం కాదు, కుడి మణికట్టు. అది జరిగే తీరు ఇలా ఉంటుంది. బండి అనుకున్నదానికంటే కొంచెం గట్టిగా లాగుతుంది. శరీరం వెనక్కి తూలుతుంది. పడిపోకుండా ఉండటానికి చేతులు హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాయి. వెనక్కి పోతున్న శరీరం బరువు కుడి చేతిని కూడా వెనక్కి లాగుతుంది, దానితో మణికట్టు కిందికి దిగి ఎక్సలేటర్ ఇంకా తిరుగుతుంది. బండి ఇంకా లాగుతుంది, శరీరం ఇంకా వెనక్కి పోతుంది. 125 సీసీ బండిలో ఈ గొలుసు మొదలైనా ఇంజన్‌కు అంత బలం ఉండదు కాబట్టి మధ్యలో తెగిపోతుంది. 40 హార్స్‌పవర్ల బండిలో రెప్పపాటులో ముందు చక్రం లేచిపోతుంది.

దీనికి విరుగుడు మూడు అలవాట్లు. ఎక్సలేటర్‌ను పట్టుకునేటప్పుడు మణికట్టు పైకి లేవకుండా, అంటే ఎక్సలేటర్ మూసి ఉన్నప్పుడు చేతి వెనక భాగం ముంజేతితో సమంగా ఉండేలా పట్టుకోవాలి. అప్పుడు చేయి వెనక్కి పోయినా ఎక్సలేటర్ అనుకోకుండా ఎక్కువ తిరిగే అవకాశం తగ్గుతుంది. బండి లాగబోతోందని తెలిసిన ప్రతిసారీ ముందే నడుము నుంచి ముందుకు వంగి, ట్యాంకును మోకాళ్లతో నొక్కి పట్టాలి. చేతులు హ్యాండిల్‌ను తిప్పడానికే, వేలాడటానికి కాదు. మూడోది, ఎడమచేతి చూపుడు వేలు క్లచ్ మీద నుంచి ఎన్నడూ తీయకూడదు. ఏమి జరుగుతోందో అర్థం కాని క్షణంలో ఎక్సలేటర్ మూయడం గుర్తుకు రాదు, క్లచ్ నొక్కడం మాత్రం అలవాటుగా జరిగిపోవాలి. చదునైన చోట మొదటి గేరులో పోతూ, వెనక నుంచి మిత్రుడు "ఆపు" అని కేకేసిన ప్రతిసారీ ముందు క్లచ్, ఆ తర్వాత బ్రేకు అన్న వరసలో ఆపడం సాధన చేస్తే ఈ అలవాటు పడుతుంది.

మన నేలల్లో ఎక్కడెక్కడ ఏమి చూసుకోవాలి

ఎర్రనేల ఎండాకాలంలో పైన గులక పరిచినట్టు ఉండి, కింద గట్టిగా ఉంటుంది. అక్కడ మలుపులో బండిని ఎక్కువ వాల్చకుండా, బయటివైపు ఫుట్‌రెస్ట్ మీద బరువు వేసి నిదానంగా తిరగాలి. మొదటి వానలు పడ్డ రోజున అదే నేల మీద నూనె పోసినట్టు అవుతుంది. ఒక గేరు ఎక్కువలో ఉంచి, ఎక్సలేటర్‌ను సమానంగా పట్టుకుని, నిటారుగా పోవడమొక్కటే దారి. దమ్ము పట్టిన పొలాల గట్ల జోలికి వెళ్లకండి. గట్టు తెగితే రైతు నీరంతా పక్క మడికి పోతుంది.

ఇసుకలో సూత్రాలు తలకిందులవుతాయి. వేగం తగ్గితే ముందు చక్రం కూరుకుపోతుంది కాబట్టి, నిలబడి, బరువు కాస్త వెనక్కి వేసి, ఎక్సలేటర్ మూయకుండా, హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతున్నా దానితో కుస్తీ పట్టకుండా, దూరంగా చూస్తూ పోవాలి. ఆగాలంటే ఎక్సలేటర్ మెల్లగా తగ్గిస్తే చాలు, ఇసుకే ఆపేస్తుంది. వంశధార, నాగావళి ఎండిన మేటల్లో ఇసుక తవ్విన గోతులు అంచు దాకా వస్తే గాని కనిపించవు. ముందు కాలినడకన చూసి రండి. ఈ రెండు నదులకూ నీరు ఒడిశా కొండల నుంచి వస్తుంది, కాబట్టి ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎగువన వాన పడితే నీరు పెరుగుతుంది. వానాకాలంలో నది లోపలికి దిగవద్దు.

శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి వేసవి తొలి రోజుల దాకా గుడ్లు పెడతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది. ఇసుక కింద ఉన్న గూడు పైకి కనిపించదు, చక్రం పోతే నలిగిపోతుంది. ఆ నెలల్లో సముద్రపు ఒడ్డు ఇసుకను పూర్తిగా వదిలేయండి. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా ఏ నెలలోనూ వెళ్లకూడదు.

ఉద్దానం జీడితోటలు చూడటానికి ట్రాకులా ఉంటాయి గాని కొమ్మలు నేలకు దగ్గరగా, సరిగ్గా నిలబడి నడిపే మనిషి ముఖం ఎత్తుకు వ్యాపిస్తాయి. కింద రాలిన ఆకు పరుచుకుని వేళ్లను కప్పేస్తుంది. రైతు పిలిచి నడపమన్నా రెండో గేరు దాటవద్దు. మార్చి నుంచి మే దాకా పిక్కలు ఏరే కాలం, అప్పుడు లోపల ఆడవాళ్లు, పిల్లలు ఉంటారు. టెక్కలి వైపు వదిలేసిన గ్రానైట్ క్వారీల అంచులకు కంచె ఉండదు, కాబట్టి అక్కడ నడపనే వద్దు.

ఎక్కడికి వెళ్లినా ఇంకొక బండి తోడు ఉండాలి, ఇంట్లో చోటు చెప్పి వెళ్లాలి, తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలి. కవచాలు తొడుక్కున్నాక మన తీరప్రాంతపు ఉక్కలో చెమట ఎంత పోతుందో తెలియదు. ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్‌ఎస్ నీళ్లో వెంట ఉంచుకోండి. పందేలకు వెళ్లే ఆలోచన ఉంటే, మామూలు మోటారు బీమా పాలసీ పందేల్లో, వేగ పరీక్షల్లో జరిగిన నష్టానికి వర్తించదని గమనించండి.

సర్వీసు, పాత బండి

చిన్న బండితో నిర్లక్ష్యం చెల్లుతుంది, పెద్దదానితో చెల్లదు. నంబరు ప్లేటున్న బండ్లకు కిలోమీటర్ల లెక్కన సర్వీసు. పందెపు బండ్లకు గంటల లెక్క, కొద్ది గంటలకే ఆయిల్ మార్చాలి, పిస్టన్‌కు కూడా గంటల ఆయుర్దాయం ఉంటుంది. ఫోమ్ ఫిల్టర్ అయితే దుమ్ములో తిరిగిన ప్రతిసారీ కడిగి, నీడలో ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించాలి. పేపరు ఫిల్టర్‌ను మాత్రం కడగకూడదు, మార్చాలి. సముద్రం పక్కన తిరిగిన రోజు మంచినీళ్లతో కడిగి, ఆరాక చైనుకు లూబ్ వేయాలి. చైను ఎంత వదులుండాలో మాన్యువల్‌లో చూసి బిగించండి; డర్ట్ బైకు వెనక చక్రం ఎక్కువ పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి, మామూలు బండి లెక్కన బిగించే మెకానిక్ దీన్ని మరీ బిగువు చేస్తాడు, చక్రం పైకి లేచినప్పుడు చైను తెగనైనా తెగుతుంది, గేరుబాక్సు బేరింగునైనా తినేస్తుంది.

వీలైతే పాత బండిని రెండు మూడు నెలలు అమ్మకుండా ఉంచుకోండి. కొత్తదాని మీద ఏదైనా రాకపోతే పాతదాని మీద చేసి చూస్తే, లోపం మీ చేతిలో ఉందో బండి అమరికలో ఉందో వెంటనే తెలిసిపోతుంది. అమ్మేటప్పుడు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి కొనేవారి చేతికిచ్చి ఊరుకోకుండా, ఆర్టీవో కార్యాలయంలో పేరు మారిందని ఆన్‌లైన్‌లో చూసి నిర్ధారించుకోండి. అప్పటిదాకా ఆ బండికి పడే చలానాలు, అది చేసే ప్రమాదాలు మీ పేరు మీదికే వస్తాయి.